జాగ్రత్తగా పడిన మనిషి

మా గౌడ్ మామ నులకమంచం మీద చనిపోయాడని జనగామ బస్టాండులో మా ఊరి మనిషి ఒకడు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. చావును నమ్మలేదని కాదు, మంచాన్ని నమ్మలేదు. మంచం ఎంత ఎత్తుంటుంది? మూరెడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ మనిషి నేల మీద గడిపిన కాలం కంటే తాటిచెట్ల నెత్తి మీద గడిపిన కాలమే ఎక్కువ. వానాకాలపు మబ్బులు ఆయన్ని జర జరగమని బతిమాలుకుని ముందుకు పోయేవని మా చిన్నప్పుడు ఊరి పిల్లలందరికీ తెలుసు. అలాంటివాడు మూరెడు ఎత్తున పోవడం ఏమిటి?

“పొద్దుగాల అంబలి తాగిండు, ఒరిగిండు, గంతే,” అన్నాడు ఆ మనిషి, హైదరాబాదు బస్సు కోసం మెడ సాగదీస్తూ. “జనం మస్తు వచ్చిన్రు. అన్నల దిక్కునుంచి ఎవరో ఎర్రబట్ట తెచ్చిన్రు, మీద కప్పుతమని. ఇటు సర్పంచు ఆయన పార్టీ కండువ తెచ్చిండు. మీ అత్త రెండిటిని తిప్పి పంపింది.”

“ఏమన్నది?”

“‘బతికినన్నొద్దులు ఆయన బట్ట ఆయనే కట్టుకున్నడు. ఇయ్యాల మీ బట్టెందుకు’ అన్నది.”

బస్సు వచ్చింది, అతను ఎక్కి పోయాడు. బడికి పోవలసిన నేను అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను. ఆ రోజు నా తరగతి పిల్లలు లెక్కలు లేకుండా ఎంత సుఖపడ్డారో తర్వాత తెలిసింది.

మామ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మాది వ్యవసాయం, వాళ్లది కల్లుగీత. గూడూరు దాటి, అడవి మొదలయ్యేచోట మా ఊరు. అక్కడ వరస లేకుండా ఎవరినీ పిలవడం కుదరదు. మా నాయిన ఆయన్ని బావా అంటాడు కాబట్టి నేను మామా అన్నాను, ఆయన నన్ను అల్లుడా అన్నాడు. పిల్లనిచ్చే పని లేని మామ కాబట్టి మా మధ్య చివరిదాకా ప్రేమ చెడలేదు.

మనిషి సన్నం. నిలబడితే చెట్టుకు పుట్టిన పిల్లచెట్టులా ఉండేవాడు. రోజూ పొద్దునా మాపునా తాటిచెట్లను కౌగిలించుకుని కౌగిలించుకుని రొమ్ము మీద చర్మం బర్రె వీపులా మొద్దుబారింది. ఒకసారి తేలు ఆయన రొమ్ము మీద కుట్టబోయి కొండి విరిగి, సిగ్గుపడి పోయిందని మా అమ్మ ప్రమాణం చేసి చెప్పేది. నడుముకు కత్తుల పొది, భుజాన మోకు. మోకంటే చెట్టునూ మనిషినీ కలిపి కట్టే నారతాడు. అది తెగితే ఇద్దరిలో ఒకరే మిగులుతారు.

మండువాలో, అంటే కల్లు పోసేచోట, ఆయన వరస తప్పేవాడు కాదు. ముందు వచ్చినవాడికి ముందు. పటేలు జీతగాణ్ని కుండతో పంపితే ఆ కుండ కూడా వరసలో కూర్చునేది. పటేలు స్వయంగా వస్తే పటేలూ కూర్చునేవాడు, కల్లు తాగే తాటాకు రేక చేత పట్టుకుని, బడిపంతులు ముందు పలక పట్టుకున్నట్టు.

ఇంతకంటే ఆయన్ని మా దిక్కు పది ఊళ్లు ఎరిగింది కేక వల్ల. ఊరికీ లంబాడి తండాకూ మధ్య ఒక వాగు. వాగొడ్డున ఆయన చెట్లు. వాగులో తండా ఆడవాళ్లు స్నానాలు చేస్తారు, ఇటు పెరళ్లలో దడుల చాటున మా ఆడవాళ్లు చేస్తారు. చెట్టెక్కినవాడికి అన్నీ కనబడతాయి. అందుకని గీతవాళ్లు ఎక్కే ముందు ఒక కేక వేయడం మా దిక్కు ఆనవాయితీ. మిగతావాళ్లు మొక్కుబడిగా దగ్గి ఎక్కేవారు. మామ మాత్రం దవడలు సాగదీసి “ఎక్కుతున్ననోయ్! ఎక్కుతున్న!” అని వేసేవాడు. ఆ కేకకు అడవిలో నెమళ్లు లేచేవి. గూడూరులో బస్సు డ్రైవరు బ్రేకు తొక్కేవాడు. మా బర్రె దూడను విడవకముందే పాలు చేపేది. కేక వేశాక వాగుకు వీపు పెట్టి, నేల చూపులు చూస్తూ, యాభై లెక్కపెట్టేవాడు. అంతలో ఆడవాళ్లు సర్దుకుంటారని ఆయన లెక్క.

ఒకసారి పటేలు తొందరలో ఉండి, “ఎంతసేపురా నీ లెక్క?” అన్నాడు.

“ముప్పై రెండయింది పటేలా. మాట్లాడిచ్చినవు, మల్ల ఒకటి నుంచి,” అని మళ్లీ మొదలుపెట్టాడు.

పైనుంచి ఏం కనబడుతుంది మామా అని మేమెన్నిసార్లు అడిగామో. “అన్ని కనబడతయ్. చెప్పనీకె గాదు,” అనేవాడు. ఎవరి పెరట్లో ఎవరు దూరారో, ఎవరి గట్టు ఎవరు జరిపారో, ఆ మనిషి నోరు విప్పితే మా ఊళ్లో సగం కాపురాలు, ముప్పాతిక పొలాలు తగాదాలో పడేవి. పాతికేళ్లలో ఒక్క మాట రాలలేదు.

తాటిచెట్టుకు ఒక పట్టుదల ఉంది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి గెలకు కత్తితో చెక్కు తీసి, దాని కింద లొట్టి, అంటే కల్లుకుండ, కట్టాలి. ఒక రెండు రోజులు తప్పితే కోత మొఖం ఎండిపోతుంది, ధార ఆగిపోతుంది, ఆ ఏడాదికి ఆ చెట్టుతో మాటల్లేవు. ఇది మాకు తెలుసు. తెలిసే చేశాం.

అరవై తొమ్మిది. నేను మానుకోట హైస్కూలులో ఆఖరి తరగతి. మహబూబాబాదును మా దిక్కు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. ఆ ఏడు మా చదువంతా రోడ్డు మీదే జరిగింది. బడి మూసేశారు కాబట్టి ఊరికి వచ్చి, ఉద్యమాన్ని మా వంతు నడిపించే బాధ్యత నేనూ మరో నలుగురం నెత్తిన వేసుకున్నాం. నిజానికి మాకు మీసాలే సరిగా రాలేదు. ఒకరోజు తెల్లవారి వాగొడ్డున మామకు అడ్డం నిలబడ్డాం.

“మామా, బంద్.”

“ఏం బంద్?”

“అన్ని బంద్. దుకాండ్లు బంద్, బస్సులు బంద్, కచేరి బంద్. నువ్వు గూడ బంద్.”

“చెట్టుకు చెప్పిన్రా?”

మాలో ఒకడికి రోషం వచ్చింది. “తెలంగాణ రావాల్నా వద్దా? సీదగ చెప్పు.”

“రావాలె. ఎందుకు రావద్దు?”

“మరి జై తెలంగాణ అను. అని ఎక్కు, మేం ఆపం.”

“అనను.”

“ఎందుకనవు?”

“నువ్వు అనమన్నవు గదా, గందుకు.”

మేం మోకు గుంజుకున్నాం. ఆ రెండు మాటలూ అంటే ఇస్తామన్నాం. ఆయన మా మొఖాలు ఒక్కొక్కటే చూసి ఇంటికి పోయి, అరుగు మీద నార ముందేసుకుని కొత్త మోకు అల్లడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు. పొద్దున పోయి అడుగుతాం, మాపున పోయి అడుగుతాం: “రెండు మాటలు మామా, రెండే.” ఆయన “జర ఆ కొస పట్టుకో అల్లుడా” అనేవాడు. ఉద్యమ నాయకులం ఐదుగురమూ వంతులవారీగా నార పట్టుకున్నాం. ఆ తాడు సగం మా చేతుల మీదే తయారైంది.

అత్త వాకిట్లో నిలబడి నెత్తి కొట్టుకుంది. “రెండు మాటలంటే నీ నోరు పడిపోతదా? చెట్లు పోతున్నయ్!”

“నోరు పడిపోదు. గని రేపు ఇంకోడొస్తడు, ఇంకో రెండు మాటలు తెస్తడు. అప్పుడేం జెయ్యాలె?”

“అప్పుడు అవ్విటిని గూడ అను!”

“అప్పుడిగ నా మాటలు ఎప్పుడనాలె?”

ఐదో రోజు కొత్త మోకుతో ఎక్కాడు. పదకొండు చెట్లు ఎండిపోయాయి. ఆ ఎండాకాలం అత్త గూడూరు రోడ్డు మీద కంకర కొట్టింది. నేను సైకిలు మీద పోతూ చూశాను. నెత్తికి బట్ట చుట్టుకుని, రాయిని కాలితో అదిమిపెట్టి కొడుతోంది. నన్ను చూసి, “బాపు మంచిగున్నడా అల్లుడా?” అని మాత్రం అడిగింది. పాత మోకు తిరిగి ఇచ్చేద్దామని పోతే, మాలో ఒకడు దాన్ని ఎప్పుడో బావిలో పారేశాడు.

ఉద్యమం చల్లబడింది. మాకు ఉపన్యాసాలిచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఏడాది తిరక్కుండానే పదవి సంపాదించుకుని, కొత్త కారులో మా ఊరి మీదుగా పోతూ ఆగాడు. ఆ కారుకు మేమేసిన దండలు పరిస్తే మానుకోట దాకా వస్తాయి. ఒకప్పుడు గొంతులు చించుకున్న ఐదుగురమూ ఆ పూట నోట్లో బెల్లపుగడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డాం. అంతలో వాగు దిక్కునుంచి, ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఒక కేక.

“జై తెలంగాణా!”

ఒక్కసారే. దండలు వేసే చేతులు ఆగిపోయాయి. కానిస్టేబులు ఒకడు చెట్టు కిందికి ఉరికాడు.

“ఎవడురా అది?”

“నేనే సారు.”

“ఎవరనమన్నరు?”

“ఎవరనమనలే. అందుకే అన్న.”

దానికి ఒక పూట ఠాణాలో కూర్చోబెట్టారు. కూర్చున్నాడు. సాయంత్రం కోతకు వేళ అవుతోందని మాత్రం అరగంటకోసారి గుర్తుచేశాడట. భరించలేక వాళ్లే వదిలేశారు.

ఎనభైలు వచ్చేసరికి మా అడవిలోకి నక్సలైటు అన్నలు వచ్చారు, అన్నల వెనక పోలీసులు వచ్చారు. అప్పటికి నేను జనగామలో లెక్కల పంతుల్ని. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా ఊరు కొంచెం మెల్లగా మాట్లాడుతున్నట్టు ఉండేది. అంతకు ముందు ఒకరినొకరు వాగు అవతలి నుంచి పిలుచుకునేవాళ్లు. ఇప్పుడు పక్కన కూర్చుని కూడా ఇటూ అటూ చూసి మాట్లాడుకునేవాళ్లు. మామ కేక ఒక్కటే పాత ధోరణిలో ఉంది.

కొత్తగా వచ్చిన ఎస్సై కోస్తా మనిషి. ఒకరోజు మండువాకు వచ్చి, మర్యాదగానే మాట్లాడాడట. మామే నాకు చెప్పాడు, ఆయన యాసను కూడా అచ్చంగా దింపుతూ.

“ఏమయ్యా, అంత ఎత్తు నుంచి నీకు అన్నీ కనపడతాయటగా?”

“కనబడతయ్ సారు.”

“ఏం కనపడతాయి?”

“గెలలు.”

“ఇంకా?”

“లొట్లు.”

“వేళాకోళమా? చూడూ, వాళ్లు వాగు దాటినప్పుడు నీ కేక కాస్త మార్చి వెయ్యి. అంతే. ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుస్తది గద సారు.”

నెల తిరక్కుండా దళం మనిషి వచ్చాడు. కళ్లద్దాలు, సన్నటి గొంతు, చదువుకున్నవాడు. ఊళ్లో అందరూ కళ్లద్దాలన్న అనేవారు. ఆయన అడిగిందీ చిన్నపనే: జీపు కనబడితే రెండుసార్లు ఎక్కువ కేక వేయాలి.

“నా కేక ఆడోళ్ల కోసమన్నా. మీది మీరే ఏసుకోన్రి.”

“గట్ల కాదు గౌడన్న. నువ్వు ప్రజల పక్కన ఉంటవా, పోలీసుల పక్కన ఉంటవా?”

“చెట్టు మీద ఉంట.”

ఇది చెప్పినప్పుడు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మామ నవ్వలేదు. “గాయన గూడ నవ్వలే అల్లుడా,” అన్నాడు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మానుకోట స్టేషను దగ్గర ఒక చాయ్ హోటల్లో పాత దోస్తులు కలిశారు. మామ కేక గురించి మాట వచ్చింది. నెమళ్లూ బస్సు డ్రైవరూ అన్నీ అయిపోయాయి, అందరూ ఇంకా చెప్పమంటున్నారు. నవ్వేవాళ్లు ఎదురుగా ఉంటే నాకు నాలుక మీద అదుపుండదు. “అసలు మా ఎస్సై గడియారమే పెట్టుకోడు. మామ కేకేస్తే విని బూట్లు తొడుక్కుంటడు,” అన్నాను. హోటలు కూలినంత నవ్వు నవ్వారు. పక్క బల్ల మీదివాళ్లు కూడా నవ్వారు. నేను రెండో చాయ్ తాగి బస్సెక్కాను.

ఆ చలికాలం ఒక పొద్దున, మామ కేక వేసి చెట్టెక్కిన కాసేపటికి, వాగులో మొఖాలు కడుక్కుంటున్న ఇద్దరు దళం పిల్లల్ని పోలీసులు చుట్టుముట్టారు. ఒకడు తప్పించుకున్నాడు. రెండోవాడు తూటా తగిలి నీళ్లలోనే పడిపోయాడు. భూపాలపల్లి దిక్కు పిల్లవాడట, ఇరవై ఏళ్లు కూడా లేవు. వాళ్ల నాయిన బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయాడు. బండి వెనక మా ఊరివాళ్లెవరూ నడవలేదు. ఎవరు నడిచారో రాసుకునేవాళ్లు ఉంటారని భయం.

మా నాయినకు జ్వరమని తెలిసి సెలవు పెట్టి నేను ఊళ్లో ఉన్నప్పుడే అన్నల నుంచి పిలుపు వచ్చింది. పట్టపగలు, ఇంటికొకరు, వాగు అవతలి మామిడితోటకు. నాయిన లేవలేడు, నేను పోయాను. ఊరు, తండా కలిసి వందమంది దాకా కింద కూర్చున్నారు. మామను ముందు నిలబెట్టారు. చెట్టు మీంచి నేరుగా తెచ్చినట్టున్నారు, మోకు ఇంకా భుజాన్నే ఉంది. అత్త ఆడవాళ్లలో కూర్చుంది.

“గౌడన్న,” అన్నాడు కళ్లద్దాలన్న, “వాగు కాడ మా పిల్లగాడు చచ్చిపోయిండు. నువ్వు కేకేసిన పావుగంటకు పోలీసులొచ్చిన్రు. ఎట్లొచ్చిన్రు?”

“నడుసుకుంట వచ్చిన్రు. జీపు అవతల్నే ఆపిన్రు.”

“చూసినవా?”

“చూసిన.”

“చూసి మాకు చెప్పలే.”

“మీరు వాగుల దిగింది గూడ చూసిన. గది ఆళ్లకు చెప్పలే.”

కళ్లద్దాలన్న జనం వైపు తిరిగాడు. “చదువుకున్నోళ్లే అంటున్నరు. గౌడన్న కేకేస్తే ఎస్సై బూట్లు తొడుక్కుంటడట. మానుకోట హోటల్లల్ల గిదే మాట. నిజమా కాదా?”

నా మాట. అక్షరం పోకుండా నా మాట. కాకపోతే ఎవరూ నవ్వలేదు. మా ఊళ్లో ఇలాంటి మాటలు పుట్టించేవాణ్ని నేనొక్కణ్నే, అది మామకు తెలుసు. ఆయన నా వైపు చూడకుండా, “ఎవడన్న నవ్వుకోనీకె అన్న మాటయి ఉంటది,” అన్నాడు.

“సరే. పెద్దమనిషివి, కష్టజీవివి. ఒకటే మాట. రేపటి సంది నీ కేక బంద్ పెట్టు. గీడనే, అందరి ముందట, బంద్ పెడుతున్న అని చెప్పి ఇంటికి పో. చెప్పకపోతే శిక్ష తప్పది.”

తోటంతా ఊపిరి వదిలింది. ఇంతేనా అనుకున్నాం. అత్త అక్కడినుంచే రెండు చేతులూ జోడించింది. “చెప్పుయ్యా. నీ కాళ్లు మొక్కుత. జర చెప్పు.”

మామ చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. పంతానికి పోయేవాడి మొఖం కాదు అది. ఏదైనా దారి దొరుకుతుందేమోనని లోపల వెతుకుతున్నవాడి మొఖం.

“బంద్ పెడితె, ఇన్నేండ్లు నేనేసిన కేక మీరన్నదే అయితది,” అన్నాడు చివరికి. “ఆడోళ్లకు నేనేం మొఖం చూపెట్టాలె? నాతోని కాదు.”

కళ్లద్దాలన్న మమ్మల్ని అడిగాడు. “ఇతని తప్పు లేదనేటోళ్లు చేతులెత్తున్రి.”

ఒక చెయ్యి లేచింది. తండా ముసలమ్మది. మోచేతి దాకా దంతపు గాజులున్న చెయ్యి. “మేం నీళ్లల్ల ఉంటమని కేకేస్తడు. ఇంకేంది? మా బిడ్డలు నీళ్లల్ల ఉంటరు!” అని ఇంకా ఏదో వాళ్ల భాషలో అరిచింది. పక్కనున్నవాళ్లు ఆమె కొంగు పట్టి లాగి కూర్చోబెట్టబోయారు. ఆమె కూర్చోలేదు.

మరో చెయ్యి లేవలేదు. నా కుడిచెయ్యి నా తొడ మీద ఉంది. ఐదు వేళ్లూ కనబడుతున్నాయి. లెక్కలు చెప్పేటప్పుడు రోజుకు వందసార్లు బోర్డు మీదికి లేచే చెయ్యి. అది నాది కాదేమో అన్నట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తప్పుందనేవాళ్లు ఎత్తమంటే అప్పుడూ ఎవరూ ఎత్తలేదు. అదీ మా ఊరి ధైర్యం.

మోకు కాల్చేశారు. గొడ్డలి వెనకవైపుతో కుడి మోకాలి మీద రెండు దెబ్బలు కొట్టారు. మొదటి దెబ్బకు మామ అరవలేదు. రెండో దెబ్బకు వేసిన అరుపును నేను దేనితోనూ పోల్చను.

పెద్ద దవాఖానలో నాలుగో రోజో ఐదో రోజో ఎస్సై వచ్చాడు, ఒక కాగితం, ఒక ఫొటోగ్రాఫరుతో. నేను మంచం పక్కనే ఉన్నాను. ఎస్సై గొంతులో అంత తీపి నేనెప్పుడూ వినలేదు.

“ఎవరు కొట్టారో చెప్పు పెద్దాయనా. పేర్లు నేనే రాస్తాను, నువ్వు వేలిముద్ర వెయ్యి. నీ ఫొటో పేపర్లో వస్తుంది. వాళ్లెలాంటివాళ్లో లోకానికి తెలుస్తుంది.”

“ఎవరు కొట్టలే సారు. చెట్టు మీదికెళ్లి పడ్డ.”

అత్త అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది. గీతవాడికి చెట్టు మీంచి పడటం ఎంత నామర్దానో తెలిస్తే తప్ప ఆ ఏడుపు అర్థం కాదు. పాతికేళ్లలో ఆయన ఒక్కసారి జారలేదు. పక్క ఊరివాడు పడితే, “కండ్లు కిందికెందుకు పోయినయ్?” అని దవాఖానకు పోయి మరీ తిట్టివచ్చిన మనిషి. ఆ గర్వం తప్ప ఆయనకు మిగిలింది ఏమీ లేదు. దాన్ని కూడా తీసి ఎస్సై చేతిలో పెట్టాడు.

“నీలాంటి పనోడు పడతాడా?”

“పడ్డ.”

“అంత ఎత్తు నుంచి పడితే ఒక్క మోకాలే విరుగుతుందా?”

“జాగ్రత్తగ పడ్డ సారు.”

తీపి పోయింది. “అంటే నువ్వు వాళ్ల మనిషివే,” అన్నాడు ఎస్సై. దవాఖాన నుంచి విడుదలైన రోజు ఇంటికి కాకుండా ఠాణాకు తీసుకుపోయారు. మూడు రోజులు ఉంచారు. అక్కడ కూడా చెట్టు మీంచే పడ్డాడు. ఇప్పటికీ రికార్డులో అలాగే ఉంటుంది: కల్లుగీత కార్మికుడు, అజాగ్రత్త వల్ల పడ్డాడని.

ఎనిమిది నెలల తర్వాత అసలు ఉప్పందించినవాడు వేరే ఊళ్లో బయటపడ్డాడు. కళ్లద్దాలన్న మామ ఇంటికి మనిషిని పంపాడు. తప్పు జరిగిందని, గౌడన్న మచ్చలేని మనిషని కరపత్రం వేసి ఊరూరా పంచుతారట, ఊళ్లో సభ పెట్టి చెబుతారట, ఆయన వచ్చి పక్కన కూర్చుంటే చాలట.

మామ వచ్చినవాడికి చెంబెడు మంచినీళ్లిచ్చాడు. “అద్దాలాయనకు చెప్పు. నేను చెడ్డోన్నని చెప్పనీకె ఆయనెవరు, మంచోన్నని చెప్పనీకె ఆయనెవరు? కాయితం ఏయొద్దు,” అన్నాడు.

నేను చివరిసారి చూసినప్పుడు ఆయన ఇంటి ముందు పందిరి కింద కాలు చాపుకుని ఈతకమ్మలతో చీపుర్లు కడుతున్నాడు. మోకాలు పక్కకు తిరిగి అతుక్కుంది. చెట్లు సొంత అల్లుడికి, కూతురి మొగుడికి, ఇచ్చారు. అల్లుడు దగ్గి ఎక్కేవాడు. నేను పక్కన కూర్చుని, ఆయన వెతక్కుండా ఒక్కో ఈనె తీసి అందిస్తూ, రెండేళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట కక్కేశాను. హోటలు సంగతి, బూట్ల సంగతి, ఎవరెవరు నవ్వారో అంతా.

“తెలుసు,” అన్నాడు. “గంత మంచిగ అబద్ధం చెప్పేటోడు మనూళ్లె ఇంకెవడున్నడు?”

“తప్పయింది మామా.”

“గది పోనియ్. నవ్వుకోనీకె అన్నవ్, ఆళ్లు నమ్మనీకె ఇన్నరు.” చీపురు మొదలు నేలకేసి కొట్టి సమం చేశాడు. “నేను అడగాల్ననుకున్నది వేరే ఉన్నది అల్లుడా. చెయ్యెందుకు లేపలే?”

నేను చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. పిల్లలు చిన్నవాళ్లు, నాయినకు జ్వరం, గవర్నమెంటు కొలువు.

“భయమైంది మామా.”

ఆయన తలూపాడు. ఇంకో గుప్పెడు ఈనెలు తీసుకుని, దారం పళ్లతో పట్టి బిగించి కట్టాడు. ముడి పడ్డాక దారం వదిలి, నా వైపు చూశాడు.

“నాగ్గూడ అయింది బిడ్డా. నీకంటె జర ఎక్కువనే అయింది. మోకాలు నాది గద.”